పెద్దమనిషిని వెంటబెట్టుకొని రా!

ఆడపిల్లగా పుట్టడం అదృష్టం అని నేనంటే మీరు నవ్వుతారు. థర్డ్ ఫారంతోనే చదువు ఆగిపోయే ఆడపిల్లగా పుట్టడం ఇంకా గొప్ప అదృష్టం అంటాను. అప్పుడు కూడా నవ్వుతారా? నవ్వండి, కాని నా వాదం మాత్రం వినండి.

మగపిల్లవాడి బతుకు చూడండి! ఫస్టు ఫారం, సెకండు ఫారం అంటూ ఒక్కో మెట్టే ఎక్కాలి. అలిపిరి నుంచి కొండెక్కేవాడికి పైన స్వామి ఉన్నాడన్న ధైర్యం ఉంటుంది. వీడికి పైన ఉండేది ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష! తప్పితే మళ్ళీ కూర్చోవాలి. గట్టెక్కితే కాలేజీ, ఆ తర్వాత రేణిగుంటలో రైలెక్కి మద్రాసు పోయి ఉద్యోగం కోసం చెప్పులు అరగదీయాలి. ఇన్ని చేసినా ఊళ్ళో ఎవరైనా వాణ్ణి పెద్దమనిషి అంటారా? అనరు.

మగవాడు పెద్దమనిషి కావడం మాటలా! మీసం కావాలి, భుజాన కండువా కావాలి. చిత్తూరు కోర్టులో కనీసం ఒక దావా నడుస్తూ ఉండాలి. యుద్ధ నిధికి చందా ఇచ్చినట్టు నలుగురికీ తెలియాలి. పంచాయితీలో కూర్చుని రెండు పక్షాల మాటా విని, "మీలో మీరే సర్దుకోండప్పా" అని తీర్పు చెప్పి, కండువా దులుపుకొని లేవడం చాతకావాలి. ఇంతా చేస్తే నెత్తి నెరిసేవేళకు పెద్దమనిషి అవుతాడు, అదీ ఎదుటి వీధివాళ్ళు ఒప్పుకుంటే.

మరి ఆడపిల్ల? ఒక్క పూటలో అవుతుంది! మీసం అక్కరలేదు, దావా అక్కరలేదు. ఊరు ఊరంతా ఇంటికి వచ్చి, భోంచేసి, తాంబూలం పుచ్చుకొని, "మీ పిల్ల పెద్దమనిషి అయినాదంట గదా" అని ఒప్పుకొని పోతుంది. ఏ రావుబహద్దూరుకు దక్కింది ఇంత గౌరవం? అంతటి పదవి వచ్చిన తర్వాత ఇంకా బడికి పోయి ఆల్జీబ్రా చేయమనడం ఏం మర్యాద?

నమ్మకపోతే చెంగమ్మ సంగతి చెబుతాను.

చెంగమ్మ మునివెంకటప్ప కూతురు. తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో వాళ్ళ ఇల్లు. తండ్రికి ఊరి బయట శనక్కాయ పండే చేను ఉంది, ఇంటి ముందు నలుగురు పెద్దమనుషులు కూర్చోదగిన అరుగు ఉంది. ఇంట్లో చెప్పుకోదగ్గ మనిషి తిరుమలమ్మ, అంటే మునివెంకటప్పను కన్నతల్లి, చెంగమ్మకు అవ్వ.

చెంగమ్మ చదివే హైస్కూలులో ఆడపిల్లలకు తలుపు పక్కన వేరే బెంచీ వేశారు. ఫస్టు ఫారంలో ఆ బెంచీ మీద నలుగురు ఇరుక్కొని కూర్చునేవారు. ఒక్కొక్కరే పెద్దమనుషులై వెళ్ళిపోగా, థర్డ్ ఫారం నాటికి బెంచీ మొత్తం చెంగమ్మ రాజ్యం. మగపిల్లలు బెంచీకి ఆరుగురు చొప్పున ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ ఉంటే, ఆమె ఒక్కతే విశాలంగా కూర్చునేది. ఆడపిల్లలకు చదువులో చోటు లేదని ఎవరన్నారు?

అయ్యవార్లు ఆ బెంచీ వైపు ఎన్నడూ ప్రశ్న వేసేవారు కారు. ప్రశ్న వేస్తే ఆడపిల్ల సిగ్గుపడుతుందని వాళ్ళ దయ. జవాబు రాని మగపిల్లవాడికి బెత్తం ఉండేది. జవాబు వచ్చినా రాకపోయినా ఒక్కటే అయ్యే భాగ్యం ఒక్క చెంగమ్మకే ఉండేది. దాంతో ఆమె దగ్గర జవాబులు పోగుపడిపోయేవి. వాటిని ఏం చేసుకోవాలో తోచక రాత్రి అన్నం తింటూ అవ్వకు అప్పజెప్పేది. థేమ్సు నది ఒడ్డున లండను పట్టణం ఉందని చెబితే, తిరుమలమ్మ "ఉండనీలే, కూడు తిను" అనేది.

ఒకసారి క్లాసులో తానే నోరు తెరిచి, మన స్వర్ణముఖి ఈ పటంలో ఎక్కడుందని అడిగింది. జాగ్రఫీ అయ్యవారు పటం మీద వేలు పెట్టి పైకీ కిందికీ వెతికి, అది పరీక్షకు రాదులే అన్నారు. నిజమే కదా! ఎండాకాలంలో ఊరికే రాని ఏరు, పరీక్షకు ఏం వస్తుంది?

సైన్సు అయ్యవారు భూతద్దం ఎండలో పెట్టి కాగితం కాల్చి చూపించే గంటలో ఆమెను కుట్టుపనికి పంపేవారు. యుద్ధకాలం కదా, దారం దొరకదు. అందుకని నిన్న కుట్టింది ఇవాళ విప్పి, అదే దారంతో మళ్ళీ కుట్టేది. కాగితం కాలడం ఏముంది, ఒక్కసారితో అయిపోతుంది. ఈ విద్యకు అంతం ఉందా?

ఇన్ని సౌకర్యాలు ఉన్నందుకేనేమో, ఆ పిల్లకు బడి అంటే ప్రాణం. ఇంట్లో ఏది ఎందుకని అడిగినా "అంతే" అనేవారు. బడిలో అడిగినా "అంతే" అనేవారనుకోండి. కాని బడిలో పుస్తకం ఉండేది. ఓపికగా పేజీలు తిప్పితే, ఎప్పుడో ఒకప్పుడు ఆ పుస్తకం మాత్రం ఎందుకో చెప్పేది. చెప్పిన రోజున చెంగమ్మ ఇంటికి నడిచి వచ్చేది కాదు, పరుగెత్తి వచ్చేది.

ఇలా ఉండగా ఒక రోజు ఇంగ్లీషు అయ్యవారు యాక్టివ్ వాయిసు, పాసివ్ వాయిసు చెబుతున్నారు. పని చేసినవాడు ముందుంటే యాక్టివ్, ఆ పని ఎవరి మీద పడిందో వాళ్ళు ముందుంటే పాసివ్. తెలుగులో అయితే 'బడు' చేర్చాలి. రాముడు చెట్టు నరికెను. రాముని చేత చెట్టు నరకబడెను. ఈ 'బడు' మన ఇళ్ళలో మాటల్లో వినబడదని పండితులు అంటారు. పాపం, వాళ్ళు ఆడపిల్ల ఉన్న ఇంటికి ఎప్పుడూ పోలేదేమో!

ఎందుకంటే చెంగమ్మ ఆ గంట మధ్యలోనే ఇంటికి పంపబడింది. మూలన కూర్చోబెట్టబడింది. పసుపు పూయబడింది. బడి మాన్పించబడింది. 'బడు'లన్నీ వరసగా వచ్చాయి, 'బడి' ఒక్కటే పోయింది.

వేడుక ఎంత బాగా జరిగిందని! పచ్చి కొబ్బరాకులతో గుడిసె కట్టారు. నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసి, వద్దంటున్నా నోట్లో కుక్కారు. మేనమామ చీర తెచ్చాడు, మేళం వచ్చింది. హెడ్మాస్టరు దొరస్వామి గారు కూడా వచ్చి, పంక్తిలో కూర్చుని, పాయసం మారు వేయించుకున్నారు. కాళ్ళకు మొక్కిన చెంగమ్మ నెత్తిన అక్షింతలు వేసి, "పెద్దమనిషివి అయినావు, చల్లగా ఉండు తల్లీ" అని దీవించారు. ఈ అక్షింతల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తాయి.

చెంగమ్మ చిక్కల్లా ఒక్కటే. ఆమెకు చదువు వచ్చు, మాటకు అర్థం వెతికే అలవాటు ఉంది. పెద్దమనిషి అంటే ఎవరు? తమ అరుగు మీద కూర్చునేవాళ్ళు పెద్దమనుషులు. కాలువ నీళ్ళు ఎవరికి ముందు పారాలన్నా, ఎద్దు ఎవరి చేలో పడిందన్నా వాళ్ళనే అడుగుతారు. అయితే ఇక తననూ ఏదో ఒకటి అడుగుతారు కాబోలు అనుకుంది. అడిగారు కూడా. ఇంకొక చిమ్మిలి ఉండ తింటావా అని.

అనుమానం వచ్చి అవ్వను అడిగింది, నువ్వు పెద్దమనిషివి అయి ఎన్నేళ్ళయిందని. అరవై ఏళ్ళు దాటిందని తిరుమలమ్మ వేళ్ళు ముడిచి చెప్పింది.

"ఇన్నేండ్లలో నిన్ను ఎవురైనా ఏమన్నా అడిగినారా అవ్వా?"

తిరుమలమ్మ వక్క నములుతూ చాలాసేపు ఆలోచించింది. "అడక్కేం? ఉప్పు యాడుండాదని అడుగుతారు."

వేడుకలన్నీ ముగిశాక చెంగమ్మ తండ్రి దగ్గరకు పోయి, మార్చిలో పరీక్షలున్నాయి, నేను బడికి పోతాను నాయనా అంది. మునివెంకటప్ప చెడ్డవాడు కాదు. సాయంత్రం పూట కూతురు పేపరు చదివి వినిపిస్తే, రష్యా ఎంత దూరం వచ్చిందో, జర్మనీ ఎంత వెనక్కు పోయిందో అరుగు మీద అందరికంటే ముందు చెప్పి మురిసిపోయినవాడే. ఆ పిల్ల మూలన కూర్చున్ననాటి నుంచి పేపరు మడత విప్పలేదు. యుద్ధం ఎవరు గెలుస్తున్నారో ఆ ఇంట్లో తెలియడం లేదు.

కూతురి ముఖం చూసి కాదనలేకపోయాడు, ఊరి ముఖం చూసి సరే అనలేకపోయాడు. అందుకని హెడ్మాస్టరు ఒప్పుకుంటే చూద్దాం అన్నాడు. హెడ్మాస్టరు ఆ వీధినే పోతూ ఉంటే తిరుమలమ్మ ఆపి, మనవరాలు మళ్ళీ వస్తానంటోందని చెప్పింది. దొరస్వామి గారికి కూడా కాదనే దురలవాటు లేదు. ఎదిగిన పిల్ల కదా, రేపు ఏదైనా మాట వస్తే బాధ్యత ఎవరిది? అందుకని ఎవరైనా పెద్దమనిషిని వెంటబెట్టుకొని రమ్మనండి, మాట్లాడదాం అన్నారు.

ఎంత మర్యాద చూశారా! ఎక్కడా 'వద్దు' అన్న మాట లేదు. మన దేశంలో పిల్లలకు చదువు వద్దన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? చూద్దాం అన్నవాళ్ళే అందరూ.

చెంగమ్మకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఒక్క పెద్దమనిషి దొరికితే చాలు కదా, తమ వీధి నిండా ఉన్నది వాళ్ళే కదా! ముందు తండ్రినే అడిగింది. మునివెంకటప్ప మెడ గోక్కున్నాడు. సొంత బిడ్డ గురించి సొంత నోటితో అడిగితే ఏం బాగుంటుంది, పైగా శనక్కాయల తూకానికి పోవాలి, వేరే ఎవరైనా పెద్దమనిషి అయితే బాగుంటుంది అన్నాడు.

వేడుకకు వచ్చినవాళ్ళ ఇళ్ళకు తాంబూలం ఇచ్చిరావాలని అవ్వ బయలుదేరితే, ఆమె వెంట చెంగమ్మ కూడా తట్ట పట్టుకొని పోయింది. ముందు మునిరామయ్య ఇంటికి. ఆయన రీడింగు రూముకు సెక్రటరీ. పోయినేడు వార్షికోత్సవంలో స్త్రీవిద్య మీద ఆయన గంటసేపు మాట్లాడితే, చప్పట్లు కొట్టి కొట్టి చెంగమ్మ అరచేతులు ఎర్రబడ్డాయి. ఆయన తట్టలోంచి తాంబూలం తీసుకొని, సంగతంతా శ్రద్ధగా విన్నాడు. సభ ఏదైనా పెడితే తప్పకుండా వచ్చి మాట్లాడతాను, ఇది ఒకరింటి విషయం కదమ్మా అన్నాడు.

తర్వాత పెంచలయ్య ఇంటికి. ఆయన రైల్వే కంట్రాక్టరు, మాటకు అడ్డం లేని మనిషి. ఒకప్పుడు చెంగమ్మ పక్కనే బెంచీ మీద కూర్చున్నది ఆయన కూతురే. ఆ పిల్ల తలుపు చాటు నుంచి వింటూ ఉంది. "నా బిడ్డను మాన్పించి నీకు సిఫార్సు జేస్తే, నాకు ఈ ఇంట్లో కూడు పుట్టదు పాపా" అన్నాడు పెంచలయ్య. అందరిలోకీ ఆయనొక్కడే నిజం చెప్పాడని చెంగమ్మకు ఆయన మీద కోపం రాలేదు. తలుపు చాటున ఉన్న స్నేహితురాలిని చూస్తే మాత్రం ఏడుపు వచ్చింది.

శుక్రవారం నాడు గోవిందరాజస్వామి గుడికి పోయి తిరిగి వస్తున్నారు అవ్వా మనవరాలూ. దారిలో బడి వచ్చింది. తిరుమలమ్మ గేటు పక్క కట్ట మీద కూలబడింది. "మోకాళ్ళు నొస్తాండాయి మ్మే, నేనీడ కూసుంటా. నువ్వు లోపలికి పోయి బిన్నే రా" అంది. ఆ మోకాళ్ళు గుడి చుట్టూ తిరిగినప్పుడు నొయ్యలేదు. ఎందుకో అక్కడే నొచ్చాయి.

ఓణీ వేసుకొని చెంగమ్మ ఆ బడిలో అడుగుపెట్టడం అదే మొదలు. హెడ్మాస్టరు గదికీ థర్డ్ ఫారానికీ మధ్య మనిషెత్తు చెక్కల అడ్డమే ఉంది. ఈ పక్క దగ్గితే ఆ పక్క వినబడుతుంది. దొరస్వామి గారు తలెత్తి చూశారు.

"ఏమ్మా, ఒక్కదానివే వచ్చినావే? పెద్దమనిషిని వెంటబెట్టుకొని రమ్మంటిని గదా."

"పెద్దమనిషే వచ్చింది సార్."

ఆయన వాకిలి వైపు చూశారు. వాకిట్లో ఎవరూ లేరు.

"యాడ?"

"నేనే సార్. మీరే గదా ఆ పొద్దు అక్షింతలేసి సెప్పినారు."

చెక్కల అవతల ఇంగ్లీషు పాఠం ఆగిపోయింది. చెంగమ్మ ఓణీ చెంగును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. దొరస్వామి గారు కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయన ఏనాడూ ఆడపిల్లను ప్రశ్న అడిగినవారు కారు, ఆడపిల్ల జవాబు చెబితే ఎలా ఉంటుందో తెలియదు. ఆ మాటకు అర్థం వేరమ్మా అన్నారు. పెద్దమనిషి అంటే పదిమందిలో నిలబడి ఒక మాట చెప్పేవాడు అని వివరించారు.

"అట్లాంటాయన కోసరమే వీధంతా తిరిగినాను సార్. ఒకాయన సభ పెడితే వస్తానన్నాడు. ఒకాయన కూడు పుట్టదన్నాడు. మా నాయన శనక్కాయలకు పోయినాడు." చెంగమ్మ వేలికి చుట్టిన చెంగు వదిలేసింది. "ఇంగ మిగిలింది నేనే."

మగపిల్లల్లో ఒకడు కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. దొరస్వామి గారు కళ్ళజోడు పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఇప్పుడు ఆ గదిలో మిగిలిన పెద్దమనిషి ఆయనొక్కరే. ఇంకొకరిని తెమ్మనడానికి వీధిలో ఎవరూ మిగల్లేదు. చివరికి, పరీక్షల దాకా కూర్చో, ఆ తర్వాత చూద్దాం అన్నారు. గమనించారా? అక్కడ కూడా 'చూద్దాం' వదల్లేదు!

తీరా క్లాసులోకి పోతే తలుపు పక్కన బెంచీ లేదు. కూర్చునే ఆడపిల్ల లేదు కదా అని వెనక గోడ దగ్గరికి జరిపేశారు. చెంగమ్మ పోయి దాన్ని పట్టుకొని, గచ్చు మీద కిర్రుకిర్రుమని ఈడ్చుకుంటూ తన చోటికి తెచ్చుకుంది. ఆడపిల్లల వైపు చూడకూడదని నేర్చుకున్న పిల్లలు కనుక ఒక్కడూ చూడలేదు, ఒక్కడూ చేయి వేయలేదు. మన బడుల్లో నీతివిద్య ఎంత బాగా సాగుతోందో! ఆ చప్పుడుకు తత్తరపడిన ఇంగ్లీషు అయ్యవారు మాత్రం పాసివ్ వాయిసు ప్రశ్నను పొరపాటున ఆమెనే అడిగేశారు. చెంగమ్మ నిలబడి యాక్టివ్ వాయిసులోకి మార్చి చెప్పింది.

కబురు ఆమె కంటే ముందే ఇల్లు చేరింది. సాయంత్రం అరుగు మీద మునిరామయ్య, పెంచలయ్య, ఇంకా ఒకరిద్దరు చేరారు. మునిరామయ్య కండువా సర్దుకుంటూ, "ఏమప్పా మునివెంకటప్పా, మీ ఇంట్లో నీకంటే పెద్దమనిషి ఉండాదంటనే?" అన్నాడు. అందరూ నవ్వారు.

మునివెంకటప్ప నవ్వలేదు. కూతురు అక్కడ ఒంటరిగా ఎలా నిలబడిందో, ఏమందో గేటు దగ్గర బడి బంట్రోతు నోట విని తిరుమలమ్మ ఆయనకు అప్పటికే చెప్పింది. మా నాయన శనక్కాయలకు పోయినాడు అన్న మాట ఆయనకు గుచ్చుకొని ఉంది.

"ఉండాదప్పా. మనం రామంటే అది పోయింది."

తర్వాత లోపలికి కేక వేసి, పేపరు తెమ్మన్నాడు. చెంగమ్మ తెచ్చి ఎప్పటిలా తలుపు వెనక నిలబడబోయింది. ఈడికొచ్చి కూర్చోమని అరుగు మీద చోటు చూపించాడు. ఆ పిల్ల కూర్చుంది, చదివింది. యుద్ధం ఎవరు గెలుస్తున్నారో ఆ వీధిలో పెద్దమనుషులకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మునిరామయ్యకు ఇంట్లో ఏదో పని గుర్తొచ్చి ముందుగా లేచాడు.

అందరూ పోయాక మునివెంకటప్ప లోపలికి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. పరీక్షలైనాక కూడా దాన్ని పంపుదునా అమ్మా, నువ్వేమంటావు అని అడిగాడు. తిరుమలమ్మ వక్క నమలడం ఆపి కొడుకు ముఖంలోకి చూసింది. ఉప్పు గురించి కాదని రూఢి చేసుకోవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది.

"అరవై ఏండ్లకు అడిగితివి గదరా" అంది. కళ్ళు తుడుచుకొని, "పంపు" అంది.

చూశారా, ఈ జబ్బు ఎంత తొందరగా అంటుకుంటుందో! మొన్నటి దాకా హాయిగా మూలన కూర్చుని చిమ్మిలి తిన్న పిల్లకు మళ్ళీ ఆల్జీబ్రా, మళ్ళీ గ్రామరు. అరవై ఏళ్ళుగా ఏ చింతా లేకుండా ఉన్న ముసలామెకు ఉన్నట్టుండి సలహా చెప్పాల్సిన బరువు. పెంచలయ్య ఇంట్లో ఆ రాత్రి నిజంగానే కూడు పుట్టలేదని విన్నాను. కారణం సిఫార్సు చేయడం కాదు, చేయకపోవడం!

కనుక ఊళ్ళో పెద్దలకు నా మనవి ఒక్కటే. ఆడపిల్లలను పిలిచే పేరు విషయంలో జాగ్రత్త పడండి. వాళ్ళు బడికి పోయిన పిల్లలు, ఇచ్చిన మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. పేరు మార్చలేమంటారా, అయితే ఇక అడగక తప్పదు.

ఇప్పటికి మా వీధిలో చెంగమ్మ పెద్దమనిషి అయింది. వాళ్ళ అవ్వ కూడా, ఆలస్యంగానైనా, అయింది. మునివెంకటప్ప అయ్యేలాగే ఉన్నాడు. మిగిలిన మగవాళ్ళం ఎప్పుడవుతామో తెలియడం లేదు. పంచాంగం చూసి మంచి ముహూర్తం ఎవరైనా చెబితే, కొబ్బరాకుల గుడిసె నేను కట్టిస్తాను, చిమ్మిలి ఖర్చు కూడా నాదే.